ఆ ఇంజక్షన్ ఎవరికి వేశారు?

హారతి బతికింది. బతికించింది మాత్రం స్కూలు కాదు.

మండపేటలో స్టీలు సామాన్ల కొట్టు నడిపే సత్తిబాబు, సాయిదుర్గల ఒక్కగానొక్క కూతురు హారతి. మూడో తరగతి. జీడిపప్పు పలుకు నాలిక మీద పడితే చాలు, పెదవులు వాచి, గొంతు పూడుకుపోయి, ఊపిరి ఆగిపోయే గుణం ఆ పిల్లది. అలా జరిగితే తొడకి వెంటనే వెయ్యాల్సిన ఇంజక్షన్ ఎప్పుడూ స్కూల్లో ఉండాలని కాకినాడ డాక్టరు రాసిచ్చాడు. ఉందనే సాయిదుర్గ అనుకుంది. శుక్రవారం మధ్యాహ్నం క్లాసులో పంచిన పూతరేకు తిని పిల్ల బల్ల మీదే వాలిపోయింది. ఎవరూ ఇంజక్షన్ వెయ్యలేదు. ఊళ్ళో నర్సింగ్‌హోమ్‌కి చేర్చేసరికి గోళ్ళు నీలమయ్యాయి. అక్కడ మందు పడ్డాక ప్రాణం నిలిచింది. అక్కణ్నుంచి కాకినాడ ఆసుపత్రి.

పోయినవారం మనం సాయిదుర్గని వదిలిపెట్టింది ఆ ఆసుపత్రి వరండాలో. "స్కూల్లోనే వేసుంటే పరిస్థితి ఇంతదాకా వచ్చేది కాదమ్మా. ఎందుకు వెయ్యలేదో కనుక్కోండి" అన్నాడు డాక్టరు.

కనుక్కోవడానికే సోమవారం పొద్దున్నే బస్సు దిగింది సాయిదుర్గ.

ప్రార్థన అయిపోయి పిల్లలు క్లాసులకి వెళ్ళిపోయారు. వీధి చివర మిల్లు నుంచి ఎగిరొచ్చిన ఊక నుసి స్కూలు మెట్ల మీద పల్చగా పరుచుకుని ఉంది. "లోపల సార్ పనిలో ఉన్నారండి" అని అడ్డొచ్చిన ఆయాని చేత్తో పక్కకి జరిపి, తలుపు తోసుకుని ఆఫీసు గదిలోకి నడిచింది. వెనక సత్తిబాబు, బస్సెక్కినప్పట్నుంచీ నోరు విప్పని సత్తిబాబు, చెప్పులు బయట విడిచి మరీ లోపలికొచ్చాడు.

కరెస్పాండెంట్ బంగార్రాజు గారికి రైస్ మిల్లులున్నాయి, లారీలున్నాయి, పేరు కోసం పెట్టిన ఈ స్కూలుంది. వెనక గోడ మీద సత్యనారాయణస్వామి పటం. రాజుగారి నుదుట అక్షింతలంటిన బొట్టు ఇంకా తడిగానే ఉంది.

"రామ్మా, రా. పాపెలా ఉంది? మా ఇంట్లో ఆడవాళ్ళు మూడు రోజుల్నుంచీ దీపం కొండెక్కనివ్వడం లేదంటే నమ్ము. కూర్చో. సత్తిబాబూ, కూర్చోవయ్యా."

సత్తిబాబు కూర్చున్నాడు. సాయిదుర్గ కూర్చోలేదు.

"పెట్టె తెప్పించండి."

"ఏ పెట్టె?"

"మూత మీద నా కూతురి ఫొటో అంటించి, జూన్‌లో నా చేతులతో తెచ్చిచ్చిన పెట్టె. స్టాఫ్ రూము బీరువాలో ఉండాలి."

"తెప్పిద్దాం, ఎక్కడికి పోతుంది? ముందు నేను చెప్పేది నిదానంగా విను తల్లీ. జరిగిందేదో జరిగింది. నీ మీద నాకు కోపం లేదు. క్యారేజీ సర్దేటప్పుడు ఎవరికైనా ఏమరుపాటు వస్తుంది..."

"నా మీద మీకు కోపమా?"

"అదే, ఆ రోజు నువ్వు పంపిన ఉప్మాలో జీడిపప్పు పడిందట కదా."

 ఈ మాట సాయిదుర్గకి కొత్త కాదు. శనివారానికే ఊరంతా తిరిగింది. కూరగాయల మార్కెట్లో తిరిగి, ఆసుపత్రికి చూడ్డానికొచ్చిన చుట్టాల నోళ్ళలో పడి, మంచం పక్కన కూర్చున్న అత్తగారు బుల్లెమ్మ చెవిలో కూడా పడింది. ఎక్కడ పుట్టిందో ఇప్పుడు అర్థమైంది.

"రాజుగారూ, మా వంటింట్లోకి జీడిపప్పు వచ్చి అయిదేళ్ళయింది. పెళ్ళికెళ్తే భోజనాల బంతికంటే ముందు వంటవాళ్ళ దగ్గరికెళ్ళి, ఏ గరిట ఏ గిన్నెలో పెట్టారో కనుక్కునే మనిషిని నేను. నన్ను చూసి నవ్వుకునేవాళ్ళు. నవ్వనీ అనుకున్నాను. ఆ రోజు నా కూతురు తిన్నది పెరుగన్నం. క్యారేజీ నేను కడగలేదు, అలాగే ఉంది. కావాలంటే తెస్తాను, వాసన చూడండి. పెట్టె తెప్పిస్తారా, నన్నే వెళ్ళి తెచ్చుకోమంటారా?"

బంగార్రాజు గారు ముఖం చిట్లించి బెల్లు నొక్కారు.

పెట్టె తెచ్చింది క్లాసు టీచరు మీనాకుమారి. శుక్రవారం హారతిని భుజాన వేసుకుని చెప్పుల్లేకుండా నర్సింగ్‌హోమ్ దాకా పరిగెత్తింది ఈ అమ్మాయే. ఎండకి కాలిన పాదాలకి ఇంకా మందు రాసుకునే ఉంది. బల్ల మీద పెట్టె పెట్టి, గోడకి ఆనుకుని నిలబడింది. సాయిదుర్గ ముఖంలోకి చూడలేదు.

సాయిదుర్గ మూత తీసింది. లోపల దూది ఉంది. సిరంజీ లేదు. మందుండాల్సిన బుల్లి గాజు సీసా లేదు.

"డేటైపోయుంటుంది" అన్నారు బంగార్రాజు గారు, పెట్టె వైపు చూడకుండానే. "ఆయా తీసి పారేసుంటుంది. చదువు లేని మనుషులు, ఏం చేస్తాం?"

"డేటు వచ్చే ఎండాకాలం దాకా ఉంది."

ఆమె దూది పైకెత్తింది. వేలికి చురుక్కున ఏదో గుచ్చుకుంది. చిన్న రక్తపు చుక్క. దూదిలో ఇరుక్కున్న ముక్కని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకి ఎత్తింది. గాజు ముక్క. సీసా పైభాగం, మెడ దగ్గర శుభ్రంగా విరిగిన ముక్క.



"ఇదేంటో మీకు తెలుసా రాజుగారూ? మందు సిరంజీలోకి లాగాలంటే ముందు సీసా మెడ విరవాలి. కాకినాడలో డాక్టరు గారు నన్నూ మీనాకుమారినీ పక్కపక్కన కూర్చోబెట్టి నేర్పారు. బత్తాయికాయ మీద పొడిపించి మరీ నేర్పారు. పారేసే సీసాకి ఎవరూ మెడ విరవరు. విరిచారంటే మందు వాడారు." ఆమె గొంతు పెరగలేదు. పెరగకుండా పళ్ళ బిగువున పట్టి ఉంచింది. "నా కూతురికి వెయ్యలేదు. మరి ఎవరికి వేశారు?"

"సాయీ..." సత్తిబాబు కుర్చీలో కదిలాడు. "ఇప్పుడివన్నీ ఎందుకు? పద, పాప దగ్గరికెళ్దాం. అమ్మ ఒక్కతే ఉంది అక్కడ."

"మీరు కాసేపు ఊరుకోండి."

"మర్యాదగా మాట్లాడుతుంటే అలుసైపోయిందా?" బంగార్రాజు గారు లేచి నిలబడ్డారు. "స్కూలంటే ఏంటనుకున్నావు, మీ గిన్నెల కొట్టా? వచ్చి బేరమాడ్డానికి?"

"నేనే వేశానక్కా."

అందరూ గోడ వైపు తిరిగారు. మీనాకుమారి కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు.

"మీనాకుమారీ! క్లాసుకెళ్ళు!"

"వెళ్తాను సార్. ఉద్యోగం మానేసి ఇంటికే వెళ్తాను. చెప్పేశాక వెళ్తాను." ఆమె సాయిదుర్గ వైపు రెండడుగులు వేసింది. "పోయిన నెల వెనక సైకిలు షెడ్డు దగ్గర కందిరీగల తుట్టె కదిలిందక్కా. రాజుగారి మనవడు చిన్నబాబు అక్కడే ఆడుకుంటున్నాడు. మొహమంతా కుట్టేశాయి. మోసుకొచ్చేసరికి కళ్ళు మూసుకుపోయాయి, పెదాలు ఇంతింత లావయ్యాయి, ఊపిరి పీలుస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు. డాక్టరు గారు హారతి గురించి ఏ గుర్తులు చెప్పారో అన్నీ అవే. పెట్టె తీసుకొచ్చి పొడిచేశాను. కారెక్కించేలోపే పిల్లాడు ఏడవడం మొదలెట్టాడు. ఏడిస్తే ఊపిరి ఆడుతున్నట్టే కదా అని నేనూ ఏడ్చాను."

సాయిదుర్గ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "మంచి పని చేశావు."

మీనాకుమారి బిత్తరపోయి చూసింది.

"నేనక్కడుంటే నేనే పొడిచేదాన్ని. ఎవరి బిడ్డ అని అడిగేదాన్ని కాదు. దానికి నాకు కోపం లేదు." ఆ చెయ్యి అలాగే ఉంది, గొంతు మాత్రం మారిపోయింది. "ఆ తర్వాత రోజూ సాయంత్రం పాప కోసం గేటు దగ్గరికొచ్చిన నన్ను చూశావు మీనా. నవ్వావు. హారతి హోంవర్కు గురించి మాట్లాడావు. పెట్టె ఖాళీ అయిందన్న ఒక్క ముక్క నీ నోట్లోంచి రాలేదేం?"

"సార్ చెప్పొద్దన్నారక్కా. స్కూల్లో పిల్లాడికి ప్రాణం మీదకొచ్చిందని బయటికి పొక్కితే పిల్లల్ని ఎవరూ చేర్పించరన్నారు. పెట్టె మళ్ళీ అక్కడే పెట్టెయ్, కొత్త మందు సంగతి నేను చూసుకుంటానన్నారు. శుక్రవారం హారతి పడిపోగానే కొత్తది వచ్చే ఉంటుందనుకుని పరిగెత్తి మూత తీశాను. దూదే ఉంది."

సాయిదుర్గ నెమ్మదిగా బంగార్రాజు గారి వైపు తిరిగింది. ఆమె చూపు ఆయన్ని దాటి, గోడ మీది పటం మీద ఆగింది. పటానికి వేసిన దండ వాడి రెండు మూడు రోజులైంది. శుక్రవారం నాటి దండ. ఏదో తట్టింది. 

"పూతరేకులు ఎందుకు పంచారు?"

"ఏంటి?"

"శుక్రవారం. అన్ని క్లాసులకీ మీరే తిరిగి, మీ చేత్తో పంచారు కదా. పండగ కాదు, పబ్బం కాదు. ఎందుకు పంచారు?"

బంగార్రాజు గారు బల్ల మీది కాగితాలు సర్దబోయారు.

"నేను చెప్పనా? మనవడు గండం గడిచి బయటపడ్డాడని అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకొచ్చారు. ఆత్రేయపురంలో చెప్పి చేయించిన పూతరేకులు స్వామి దగ్గర పెట్టి తెచ్చారు. మామూలు రకం మీ హోదాకి చాలదు కాబట్టి పొరపొరకీ జీడిపప్పు పొడి చల్లించారు." ఒక్కొక్క మాటా రాయిలా పడుతోంది. "నా బిడ్డ మందుతో మీ బిడ్డ బతికాడు. ఆ సంతోషానికి మీరు పంచిన తీపితో నా బిడ్డ చావబోయింది."

వరండాలో అలికిడైంది. ఫీజు కట్టడానికొచ్చిన తల్లిదండ్రులు, పక్క క్లాసుల టీచర్లు తలుపు దగ్గర గుమిగూడారు. ఆయా వాళ్ళని పంపించే ప్రయత్నం చెయ్యడం లేదు. తనే ముందు నిలబడి వింటోంది.

"నా కూతురు వద్దందా, లేదా?"

"అందక్కా" అంది మీనాకుమారి. "నేను తినకూడదు సార్, మా అమ్మ చెప్పింది అని లేచి నిలబడి మరీ అంది. నేనూ చెప్పబోయాను. సార్ చెయ్యెత్తి ఆపేశారు."

"ప్రసాదమమ్మా అది!" బంగార్రాజు గారి గొంతు మొదటిసారి వణికింది. అది నటన కాదు. "స్వామి పాదాల దగ్గర పెట్టి తెచ్చింది. ప్రసాదం వద్దంటే పిల్లకే మంచిది కాదని, కళ్ళకద్దుకుని తినమని నేనే నోట్లో పెట్టాను. మీ ఇంట్లో కీడు జరగాలని పెడతానా? ప్రసాదం ఎవరికైనా చేటు చేస్తుందా? నువ్వూ హిందువుల ఇంటి ఆడపిల్లవే కదా, నువ్వు చెప్పు!"

"ఏటా కొండ మెట్లెక్కే మనిషినే నేనూ. స్వామి మీదకి తొయ్యకండి. ఆయన పాదాల దగ్గర పెట్టినంత మాత్రాన అందులో జీడిపప్పు ఆవిరైపోదు." సాయిదుర్గ బల్ల మీద రెండు చేతులూ ఆనించి ముందుకి వంగింది. ఇంతసేపూ పట్టి ఉంచిన గొంతు ఇక ఆగలేదు. "కందిరీగలు కుట్టినప్పుడు మీ మనవడికి తీర్థం పోశారా? పోసి ఊరుకున్నారా? ఇంజక్షన్ పొడిపించి, కారెక్కించి పరిగెత్తారు! ఆ సీసాలో ఏముందో, అది లేకపోతే ఏమవుతుందో మీ కళ్ళతో చూశారు. ఈ ఊళ్ళో నా తర్వాత దాని విలువ తెలిసిన మనిషి మీరొక్కరే. తెలిసీ ఖాళీ పెట్టె బీరువాలో పెట్టించారు. తెలిసీ దాని నోట్లో పూతరేకు పెట్టారు. ఆ పైన ఉప్మాలో జీడిపప్పు వేశానని నా మీద నింద ఊరంతా తిప్పారు. మీ బిడ్డకైతే మందు, నా బిడ్డకైతే ప్రసాదమా?"

తలుపు దగ్గర ఎవరో గట్టిగా "అడగమ్మా, అడుగు" అన్నారు. ఇంకెవరో "మా పిల్లాడికి ఆస్తమా ఉంది. మేమిచ్చిన పీల్చే మందు పంపు ఉందో లేదో చూడండి ముందు" అని అరిచారు.

బంగార్రాజు గారు ఆ జనాన్ని చూశారు. ఏళ్ళ తరబడి ఎదురుపడగానే పక్కకి తప్పుకుని దణ్ణం పెట్టిన మనుషులు. ఇప్పుడు ఒక్కరూ చేతులు జోడించడం లేదు. ఆయన ముఖం జేవురించింది.

"చాలించు! నేనేదో దాచేసి దొంగలా తిరిగినట్టు మాట్లాడుతున్నావు. దాచానా నేను? ఆ సాయంత్రమే మిల్లుకి పిలిపించి మీ ఇంటాయనకి చెప్పాను. మీ పాప మందు మా వాడికి వాడాం, కొత్తది నేనే తెప్పిస్తానన్నాను. మీకెందుకండి శ్రమ, నేనే తెచ్చుకుంటానన్నాడు. నన్ను కడిగేస్తున్నావు కదా, ఆయన్ని కూడా అడుగు. నీ ఎదురుగానే కూర్చున్నాడు!"

సాయిదుర్గ నవ్వబోయింది. ఇంత పచ్చి అబద్ధం చెప్తున్నాడేంటి అనుకుంది. అలా అనుకుంటూనే భర్త వైపు చూసింది.

సత్తిబాబు తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు.

"ఏవండీ."

అతను తలెత్తలేదు.

"మీకు తెలుసా?"

"తెలుసు సాయీ."

 శుక్రవారం నుంచి తన పక్కనే ఉన్న మనిషి. ఎందుకు వెయ్యలేదో కనుక్కోండి అని డాక్టరు అన్నప్పుడు, తన భుజానికి భుజం ఆనించి నిలబడ్డ మనిషి. బస్సులో పక్క సీట్లో కూర్చుని కిటికీలోంచి వరిచేలు చూస్తూ వచ్చిన మనిషి.

"తెలిసి, దాన్ని రోజూ స్కూలుకి పంపించారా?"

"నీకు చెప్తే పాపని స్కూలు మానిపించేస్తావని..." అతను కుర్చీ అంచు పట్టుకున్నాడు. "ఊరికే వదిలెయ్యలేదు. మర్నాడే కాకినాడ వెళ్ళి కొత్తది తెచ్చాను. సిరంజీతో సహా తెచ్చాను. హారతి మీద ఒట్టు."

"నా కూతురి మీద ఒట్టెయ్యకండి. తెస్తే పెట్టెలో ఎందుకు లేదు?"

సత్తిబాబు రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. 

"ఎవరికిచ్చారు?"

"తెచ్చిన మర్నాడు పొద్దున కొట్లో బేరాలున్నాయి. పొద్దున పూట పాపని రిక్షాలో దింపడానికి అమ్మే కదా వెళ్తుంది... అమ్మ చేతికిచ్చాను. టీచరు గారికి ఇచ్చెయ్యమన్నాను."

"నాకెవరూ ఏమీ ఇవ్వలేదండి" అంది మీనాకుమారి గాభరాగా. "బుల్లెమ్మగారు గేటు దగ్గరే పాపని దింపి వెళ్ళిపోతారు."

"ఆసుపత్రిలో అమ్మని నిలదీశాను సాయీ" అన్నాడు సత్తిబాబు. ఇప్పుడతను నిజంగా ఏడుస్తున్నాడు. "కాలవలో పారేశానంది. ఆడపిల్లని పట్టుకుని జబ్బు జబ్బు అంటూ మీరే దానికి జబ్బు తెచ్చిపెడుతున్నారు, పప్పుగింజకి ప్రాణాలు పోతాయా అంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నీకెలా చెప్పను? ఆవిడ మా అమ్మ."

సాయిదుర్గకి అతని మీద అరవాలని ఉంది. బల్ల మీది పెట్టె తీసి ఆ తల మీద విసరాలని ఉంది. కానీ అంతకంటే ముందు ఇంకో సంగతి ఆమె గుండెల్లో చురకత్తిలా దిగింది.

"మరి ఇప్పుడు పాప దగ్గర ఎవరున్నారు?"

 పొద్దున బయల్దేరేటప్పుడు, మీరిద్దరూ నిదానంగా వెళ్ళి రండి, నేను చూసుకుంటానని బుల్లెమ్మే పంపించింది.

సాయిదుర్గ బంగార్రాజు గారి ముందున్న ఫోను లాక్కుంది. ఆయన అడ్డు చెప్పలేదు. కాకినాడ ఆసుపత్రి నంబరు తిప్పేటప్పుడు వేలి రక్తం అంకెల మీద అంటుకుంది. అటు రింగవుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. ఈసారి వార్డు నర్సు పలికింది.

"హారతి వాళ్ళమ్మగారా? అమ్మయ్య, మీరే చేశారు! మీకోసమే ఊరంతా ఫోన్లు చేస్తున్నామండి. మీరెళ్ళిన కాసేపట్నుంచి పాపకి మళ్ళీ దద్దుర్లు లేస్తున్నాయి. ఇలా తిరగబెట్టొచ్చని డాక్టరు గారు ముందే అనుకున్నారు. ఇంజక్షన్ సిద్ధం చేసుకుని మంచం దగ్గరికి వెళ్ళేసరికి..."

"వెళ్ళేసరికి?"

"చేతికున్న సెలైన్ సూది పీకేసి కింద పడేసి ఉందండి. మంచం మీద పాప లేదు. మీ అత్తగారూ లేరు."